గేదెల్ని అమ్మేశారని అక్కతో చెప్పాను

ముప్పై ఏళ్ళు దాటింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా పైకి పలకలేదు. దేవుడికి తెలియనిదా అనుకుని దాటేసేదాన్ని. మోయగా మోయగా అలవాటై బరువు తెలియకుండా పోతుందనుకున్నాను. పోలేదు. ఈ మధ్య మరీ ఒకచోట కూర్చోనివ్వడం లేదు. అన్నం తింటూ తింటూ లేచిపోతాను. గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక వెనక్కి వస్తాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీతో చెప్పగలననిపించింది.

మా అక్క ఉద్యోగం నేను పోగొట్టాను. అదీ సంగతి.

ఇలా ఒక్క ముక్కలో రాస్తే చిన్నదిగానే కనిపిస్తోంది. ఎంతమందికి ఉద్యోగాలు పోవడం లేదు? కానీ మా అక్క సంగతి వేరు. అది చెబితే గాని నేను చేసింది మీకు అర్థం కాదు.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. పేరు ఎస్తేరు. మాది తెనాలి. నాన్న బడిపంతులు. అక్కకు మూడేళ్ళు దాటేదాకా నడక రాలేదట, మాటలు ఇంకా ఆలస్యంగా వచ్చాయట. నాన్న ఎంత కూర్చోబెట్టినా అక్షరాలు రాలేదు, గడియారం చూడడం రాలేదు. వీధిలో వాళ్ళు ‘అమాయకురాలు’ అనేవాళ్ళు. నాన్న పోయాక అమ్మ అక్కను ఇంట్లోంచి కదలనిచ్చేది కాదు. ఎవరైనా వస్తే లోపలి గదిలోకి పంపేది. పాతికేళ్ళు దాటిన మనిషి పగలల్లా మంచం మీద కూర్చుని చీర అంచు దారాలు పీక్కుంటూ ఉండేది. నేను ఆ పక్కనే కూర్చుని పరీక్షలకు చదువుకునేదాన్ని. అది నాకు వింతగా అనిపించేది కాదు. అక్క అంటే అంతే అనుకునేదాన్ని.

ఎనభైల మొదట్లో బాపట్లలో, సముద్రం వైపు వెళ్ళే దారిలో, రిటైరైన నర్సు ఒకావిడ డెయిరీ పెట్టింది. మేమంతా ఆవిణ్ణి సిస్టరమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ తమ్ముడు కూడా అక్కలాంటివాడేనట. ఏ పనీ లేక, గదిలో ఉండి ఉండి, అలాగే పోయాడట. తన వాటాకు వచ్చిన పొలంలో ఆవిడ పాక వేయించి, పది గేదెల్ని కట్టి, కొన్ని మేకల్నీ కోళ్ళనూ పెట్టి, వాటిని చూసుకోవడానికి అలాంటి వాళ్ళనే తీసుకుంది. నలుగురు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. వాళ్ళు ఉండడానికి అక్కడే గదులు. పాలు ఊళ్ళోని హాస్టళ్ళకు వెళ్ళేవి. అమ్మ మొదట భయపడింది. “జాలిపడి తీసుకోవట్లేదమ్మా. నాకు మనుషులు కావాలి, వీళ్ళకి పని కావాలి,” అందిట ఆవిడ. నెలనెలా జీతం ఇచ్చేది. పని చెడగొడితే కోప్పడేది కూడా. అక్కను ఒక పెద్దమనిషిని కోప్పడినట్టు కోప్పడిన మొదటి మనిషి బహుశా ఆవిడే.

మొదటి నెలంతా అక్క పేడ ఎత్తడం తప్ప ఏమీ చేయలేదట. గేదె తల తిప్పితే చాలు, పరిగెత్తేదట. తరవాత గేదెల పనిలో ఉన్న ఒక్కొక్కళ్ళకు రెండేసి గేదెల్ని అప్పగించారు. అక్కకు వచ్చినవి బోడిది, చుక్కది. బోడిదానికి కొమ్ములు లేవు, చుక్కదానికి నుదుటి మీద తెల్లటి మచ్చ. ఆ ఏడు చుక్కదాని దూడ చచ్చిపోయింది. దూడ లేని గేదె ఒక పట్టాన పాలు చేపదు. పాలు పితికే అతను పొదుగు కడిగి, తవుడు పెట్టి, ఎంత బతిమాలినా ఒక్క చుక్క దిగలేదు. అక్క వెళ్ళి దాని మెడ మీద చెయ్యి వేసి, ఏవో మాటల్లేని కూనిరాగాలు తీసింది. చేపింది. అప్పట్నుంచి అక్క పక్కన నిలబడితే గాని అతను చెంబు పట్టుకునేవాడు కాదు. ఏ గేదెకు కుడితి ఎప్పుడు, దేనికి తెలగపిండి నానబెట్టాలి, ఏది మేత సరిగ్గా తినలేదు, అన్నీ అక్క నోటి మీదే ఉండేవి. గడియారం చూడడం రాని మనిషికి వేళ తప్పేది కాదు.

నెలకోసారి పాసింజర్‌లో తెనాలి వచ్చేది. రెండో రోజుకల్లా సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడేది. “డ్యూటీ ఉంది,” అనేది. అక్కకు వచ్చిన ఇంగ్లీషు మాట అదొక్కటే. దాన్ని ఎంత గట్టిగా పలికేదో.

తరవాత కొన్నాళ్ళకు నాకు రేపల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, పాప పుట్టింది. అమ్మ పోయింది. తెనాలిలో అద్దె ఇల్లు ఖాళీ చేశాం. అక్కకు పుట్టిల్లన్నా, సెలవలకు వచ్చే చోటన్నా మా ఇల్లే అయింది. తరవాత బాబు పుట్టాడు. వాణ్ణి చూసుకునే ముసలమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నా సెలవు అయిపోవచ్చింది. మా ఆయన ఉదయం ఆఫీసుకు వెళ్తే సాయంత్రం గాని రాడు. నేను అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, పొయ్యి దగ్గర నిలబడి నిద్రపోయేదాన్ని. ఇవన్నీ చెప్పేది మీరు నన్ను మన్నించాలని కాదు. అయినా చెబుతున్నానంటే, మన్నించాలనే ఉందేమో. తెలియదు.

ఆ క్రిస్మస్‌కు అక్క పది రోజులు సెలవు పెట్టి వచ్చింది. బాబును ఒళ్ళో వేసుకుంది. నా దగ్గర గుక్కపెట్టి ఏడ్చేవాడు అక్క ఒళ్ళో చేతులు చాపి నిద్రపోయాడు. నెలల తరబడి లేని నిద్ర నేనూ పోయాను. కొత్త సంవత్సరం వెళ్ళిన మూడో రోజు పొద్దున, అక్క తల దువ్వుకుని, సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

“బండెన్నింటికి చెల్లీ?” అంది.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వెనక్కి తిరగలేదు. ముందుగా అనుకున్నది కాదు, ప్రమాణం చేసి చెప్పగలను. కానీ నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందంటే, ఎన్నాళ్ళుగానో లోపల తయారుగా ఉన్నట్టే వచ్చింది.

“వెళ్ళక్కర్లేదక్కా. డెయిరీ మూసేశారు.”

అక్క సంచి కింద పెట్టింది.

“గేదెలేయి?”

“అమ్మేశారు.”

“చుక్కదాన్నీ?”

“దాన్నీ అమ్మేశారు.”

“ఎవురు కొన్నారు?”

“ఎవరో పెనుమూడి వాళ్ళు.”

అక్క ఆలోచించింది. ఆలోచించేటప్పుడు కింది పెదవి లోపలికి లాక్కునేది.

“దానికి కుడితిలో ఉప్పెయ్యాలి. లేపోతే తాగదు. చెప్పారా వాళ్ళకి?”

“చెప్పార్లే అక్కా.”

“సిస్టరమ్మ చెప్పిందా?”

“ఆఁ, చెప్పింది.”

అక్క గదిలోకి వెళ్ళింది. సంచిలోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసుకుంది. ఏడవలేదు. మధ్యాహ్నం అన్నం మాత్రం తినలేదు.

ఆ వారమే సిస్టరమ్మగారికి ఉత్తరం రాశాను. అక్క రానంటోందని రాస్తే చాలదనిపించింది. ఆవిడ బయలుదేరి వస్తుంది, అక్కతో మాట్లాడుతుంది. ఆ దారి పూర్తిగా మూసేయాలి. అందుకని ఇలా రాశాను: డెయిరీ పేరెత్తితే చాలు అక్క ఏడుస్తోంది, భయపడుతోంది, ఎందుకో ఎంత అడిగినా చెప్పడం లేదు, దయచేసి మీరు రావద్దు, మిమ్మల్ని చూస్తే ఇంకా బెదిరిపోతుంది. నా దస్తూరి బాగుంటుంది. ఆ రోజు ఇంకా బాగా రాశాను. జవాబు రెండే వాక్యాలు. ‘ఎస్తేరు క్షేమమే నాకు ముఖ్యం. ఇక్కడ ఏం జరిగిందో నేను కనుక్కుంటాను.’ చదివి పొయ్యిలో పెట్టాను. ‘కనుక్కుంటాను’ అన్న మాట దగ్గర నేను ఆగలేదు. ఆగి ఉంటే?

పెనుమూడి అని ఎందుకన్నాను? ఏ ఒంగోలో, ఏ నెల్లూరో అనొచ్చుగా. దగ్గర్లో ఉన్న పేరు నోటికొచ్చింది. అక్కకూ అది తెలిసిన పేరే. మా వీధి చివర నుంచే పెనుమూడి రిక్షాలు వెళ్ళేవి.

ఫిబ్రవరిలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అక్క ఇంట్లో లేదు. బాబు పక్కింట్లో ఉన్నాడు. వాణ్ణి పక్కింటి పిన్నిగారి చేతికిచ్చి, “డ్యూటీకెళ్తన్నా,” అని చెప్పి మరీ వెళ్ళిందట. చీకటి పడబోతుండగా పెనుమూడి మనిషి ఒకావిడ అక్కను రిక్షాలో తీసుకొచ్చి దింపింది. “పొద్దుటి నించీ మా ఊళ్ళో పాకపాకకీ తిరుగుతందమ్మా. చుక్కది ఉందాండీ, ఉప్పేస్తన్నారాండీ అని అడుగుతంది,” అంది. ఎవరో వేళాకోళానికి, నీ గేదె ఏరు దాటిపోయిందన్నారట. అక్క రేవు దగ్గరకు పోయి పడవ కోసం ఎండలో కూర్చుందట. కాళ్ళు బొబ్బలెక్కాయి.

అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంకెప్పుడూ అలా వెళ్ళొద్దని ఒట్టేయించుకున్నాను. అక్క ఒట్టు వేసింది, మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వెళ్ళినప్పుడు, నుదుటి మీద మచ్చ ఉన్న గేదె ఒకటి నిజంగానే ఎవరి పాకలోనో కనిపించింది. అక్క దాని పలుపు విప్పబోయింది. ఆ ఇంటాయన దొంగ అనుకుని కర్రతో కొట్టాడు. ముంజేయి వాచిపోయింది. ఆయన తప్పు ఏముంది? వేణ్ణీళ్ళతో ఆ చెయ్యి కడుగుతున్నాను. అక్క నా వంక చూడకుండా, “అది చుక్కది కాదు చెల్లీ. దీని మచ్చ పక్కకుంది,” అంది. నిజం నా నోటిదాకా వచ్చింది. పళ్ళ వెనకాల ఆగింది.

మర్నాడు తాళం కొన్నాను.

పాపతో బడికి వెళ్ళేటప్పుడు బయట గడియకు ఆ తాళం వేసి, రెండో తాళంచెవి పక్కింట్లో ఇచ్చేదాన్ని. మా అక్క, నా కొడుకు లోపల. మా ఆయన ఒకటి రెండుసార్లు అడిగారు, “మీ అక్క డెయిరీకి ఎందుకెళ్ళట్లేదు?” అని. వాళ్ళే వద్దన్నారని చెప్పాను. నమ్మారు. నమ్మడం ఆయనకూ సుఖంగానే ఉందనుకుంటాను.

నిజం చెబితే ఏమయ్యేది? బాబును చూసేవాళ్ళు ఉండరు, అంతే. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్ళుగా వెతుక్కుంటున్నాను. ఉంది, కానీ అది పెద్దది కాదు. ఇంకా చిన్నది, ఇంకా నీచమైనది. పెళ్ళికి ముందు ఒకసారి అక్కను చూడ్డానికి బాపట్ల వెళ్ళాను. కొత్తగా ఉద్యోగం వచ్చిన గర్వం, కొత్త చీర. పాకలో అడుగు పెట్టబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. “అక్కడే నిలబడు. కొత్తోళ్ళని చూస్తే బోడిది బెదురుద్ది,” అంది. పాల కేను తీసుకెళ్ళే అతను వచ్చి, “ఎస్తేరమ్మగారూ, ఇయ్యాల చుక్కది ఎట్టా ఉందండీ?” అని మా అక్కను అడిగాడు. అక్క నడుం మీద చెయ్యి వేసుకుని జవాబు చెప్పింది. నేను ఎండలో నిలబడి ఉన్నాను. మా ఇంట్లో పనికొచ్చే మనిషిని నేనొక్కదాన్నే కదా, చిన్నప్పట్నుంచీ? ఆ క్షణం నాకు సంతోషం కలగాలి. కలిగిందా? నాకు గుర్తున్నది మాత్రం చెప్పుల్లో కాలిన పాదాలు. తిరుగు బండిలో కారణం లేని కోపం. ఆ కోపమే ఆ రోజు పొయ్యి దగ్గర నా నోట పలికిందా? ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

తొమ్మిదేళ్ళు గడిచాయి. బాబు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక కూడా అక్కను పంపలేదు. అప్పటికి అక్క లేనిదే ఇల్లు నడవదు. గిన్నెలు, బట్టలు, పాప జడలు. ఒళ్ళు పెరిగింది, షుగర్ వచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి. పని లేనప్పుడు మళ్ళీ చీర అంచు దారాలు పీక్కోవడం మొదలుపెట్టింది. గేదెల ఊసు ఎత్తడం మానేసింది. మరిచిపోయిందనుకున్నాను.

తొంభైల మధ్యలో టీచర్లకు ఏదో శిక్షణ అని నన్ను బాపట్లలో వారం రోజులు ఉంచారు. నాలుగో రోజు సాయంత్రం నా కాళ్ళు సముద్రం దారి పట్టాయి. డెయిరీ ఉంది. గేదెలు ఉన్నాయి. సిస్టరమ్మగారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది, జుట్టంతా తెల్లబడిపోయి. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనకముందే అడిగింది, “ఎస్తేరు ఎట్టా ఉందమ్మా? ఇప్పటికన్నా ఆ భయం తగ్గిందా?”

“తగ్గిందండి,” అన్నాను.

అప్పుడు ఆవిడ చెప్పింది. నా ఉత్తరం అందాక అందర్నీ ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టి అడిగిందట. ఏమీ తేలలేదు. తేలకపోయేసరికి భయం ఇంకా ఎక్కువైందట. “ఏదో జరిగే ఉంటది, అది నోరు విప్పి చెప్పుకోలేకపోయింది అనుకున్నానమ్మా. నా పాకలో, నా కళ్ళ ముందు. ఇంక ఆడపిల్లల పూచీ నా వల్ల కాదనిపించింది. మిగతా ఇద్దర్నీ కూడా ఇళ్ళకి పంపేశాను. మళ్ళీ ఆడవాళ్ళని పెట్టుకోలేదు.”

నేను పాక వైపు చూశాను. మేత వేస్తున్న వాళ్ళంతా మగవాళ్ళే.

అంతవరకు నేను చేసింది మా ఇంటి గోడల మధ్యే ఉందనుకున్నాను. అక్కకూ నాకూ మధ్య విషయం అనుకున్నాను. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తమ సంచులు పట్టుకుని ఎందుకో తెలియకుండా ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆవిడ తొమ్మిదేళ్ళు తన మనుషుల్నే అనుమానంగా చూస్తూ బతికింది. ఆ ముసలామె ముందు నేను నోరు తెరిచాను. వచ్చింది ఇది: “అక్క మళ్ళీ వస్తానంటోందండి.” ఇంకో అబద్ధం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది.

పై వారం అక్కను తీసుకెళ్ళాను. ఎక్కడికో చెప్పలేదు. పాత సంగతి అక్క దగ్గర ఎత్తొద్దని సిస్టరమ్మగారికి ముందే చెప్పి ఉంచాను. గేటు దగ్గర అక్క ఆగిపోయింది. చాలాసేపు చూసింది. తరవాత నా వైపు తిరిగింది.

“అమ్మేశారన్నావుగా?”

తొమ్మిదేళ్ళ తరవాత, మాట పొల్లుపోకుండా. అక్క మరిచిపోలేదు. నేనే మరిచిపోయిందనుకున్నాను. ఆ గేటు ముందు నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. అడిగిన మనిషి ఎదురుగా ఉంది. తిట్టగలదు, కొట్టగలదు, క్షమించగలదు కూడా.

“మళ్ళీ కొన్నారక్కా,” అన్నాను.

“ఎప్పుడు?”

అక్క జవాబు కోసం ఆగలేదు. మోకాళ్ళు ఈడ్చుకుంటూ పాక వైపు నడిచింది. చుక్కది అప్పటికి రెండేళ్ళ కిందటే చచ్చిపోయింది. ఆ మాట సిస్టరమ్మగారు నెమ్మదిగా చెప్పింది. అక్క గట్టు మీద కూర్చుని, కింది పెదవి లోపలికి లాక్కుని చాలాసేపు ఆలోచించింది. తరవాత దూడలకు ఎవరు నీళ్ళు పెడుతున్నారని అడిగింది.

గేదెల పని చేయడానికి ఒంట్లో ఓపిక లేదు. దూడల్నీ కోళ్ళనూ చూసుకునేది. అలా రెండేళ్ళ పైచిలుకు. చూడ్డానికి వెళ్తే నాతో మాట్లాడే తీరిక ఉండేది కాదు. అక్కడే జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో, పోయింది.

అక్క ఉండగానే ఒకసారి పొన్నూరు వెళ్ళాను. వెనక్కి పంపిన ఇద్దరిలో మణి అనే ఆమె వాళ్ళ అన్నయ్య ఇంట్లో ఉందని తెలిసింది. రైసు మిల్లు వెనక సందులో ఇల్లు. తెలిసినవాళ్ళమని చెప్పుకున్నాను. మణి పెరట్లో గోడకు ఆనుకుని ముందుకూ వెనక్కూ ఊగుతోంది. పిలిచినా తల తిప్పలేదు. వాళ్ళ వదిన నాకు టీ తెచ్చి ఇచ్చింది. “అక్కడ ఉన్నన్నాళ్ళూ మనిషిలా ఉందండి. మేకల్ని బాగా చూసేదంట. ఎవరో ఏదో ఉత్తరం రాశారంటండి, అందర్నీ తీసేశారు,” అంది.

“అవునాండి,” అన్నాను. టీ తాగాను. గ్లాసు కడిగి ఇవ్వబోతే ఆమె వద్దంది. బస్సెక్కి వచ్చేశాను. మణిని మళ్ళీ తీసుకోమని సిస్టరమ్మగారిని అడిగాను. ఓపిక లేదమ్మా, ఉన్నవాళ్ళనే చూసుకోలేకపోతున్నాను అంది. ఎందుకు పంపేసిందో ఆ కారణమే అబద్ధమని చెబితే ఓపిక వచ్చేదేమో. చెప్పలేదు. ఇప్పుడు ఆవిడా లేదు. పాక ఉన్న చోట ఇళ్ళు లేచాయి.

నాలుగు మధ్యాహ్నాలు పట్టింది ఇది రాయడానికి. రాస్తూ ఎన్నిసార్లు లేచానో లెక్క లేదు. ఇవాళ తలుపు వేసుకుని మొదటి నుంచి చివరి దాకా పైకి చదువుకున్నాను. మణి సంగతి దగ్గర లేచిపోయాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివాను. ఉత్తరం రాసింది నేను. తాళం వేసింది నేను. అడిగినప్పుడు కూడా చెప్పనిది నేనే. నన్ను క్షమించగలిగిన వాళ్ళెవరూ మిగల్లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడానికి మీరు నాకేమీ కారు.

అయినా గుండెల మీద కొంచెం తేలికైంది. తేలికపడే హక్కు నాకుందో లేదో తెలియదు. తేలికైందన్న మాట మాత్రం నిజం.